సముద్రం ముందు మూడు రాత్రులు: విదేశీ ప్రయాణం ఆగిపోయినప్పుడు



ఈ వారం వీడియోలో కిష్కింధా కాండలో వర్షరుతువు ఘట్టం చెప్పుకున్నాం కదా. అందులో టైమ్ సరిపోక వదిలేసిన సంగతి ఒకటుంది. అది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. విషయం ఏంటంటే, సముద్రం దాటాల్సిన ప్రయాణం ఆగిపోవడం.

మనలో చాలామందికి ఇది పురాణం కాదు, ఇంట్లో నడుస్తున్న సంగతే. ఆఫర్ లెటర్ వచ్చింది. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామానంతా విజయనగరంలో అమ్మానాన్నల ఇంటి మేడ మీద గదిలో పెట్టేశారు. పాప స్కూల్ టీసీ కూడా తీసేసుకున్నారు. వీసా స్లాట్ మాత్రం ముందుకి జరుగుతూనే ఉంది. గంటస్తంభం దగ్గర కూరగాయలకి వెళ్తే తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు కనపడి "ఇంకా ఎళ్ళలేదా బాబూ?" అని అడుగుతారు. వాళ్ళు ప్రేమగానే అడుగుతారు. మనకి మాత్రం కూరలు కొనకుండా ఇంటికి వచ్చేయాలనిపిస్తుంది. 2020 మార్చిలో అమెరికా కాన్సులేట్లు మామూలు వీసా పనులు ఆపేసినప్పుడు ఎన్ని ఇళ్ళలో ఇలా జరిగిందో మీకు తెలుసు. తర్వాత కూడా ఏదో ఒక రూపంలో జరుగుతూనే ఉంది.

ఆ సమయంలో మనసులో తిరిగే ప్రశ్న "ఎప్పుడు వెళ్తాం" అన్నది ఒక్కటే కాదు. దాని కింద ఇంకో ప్రశ్న ఉంటుంది. దేవుడు నాకు వద్దంటున్నాడా?

దీని గురించి ఆలోచించడానికి రెండు కథలు పక్కపక్కన పెడతాను. ఒకటి వాల్మీకిది. రెండోది మీరు ఈ ఛానల్‌లో ఊహించనిది. మన ఉత్తరాంధ్రకి రావాలని కుటుంబాలతో బయల్దేరి, దారిలోనే రెండేళ్ళకి పైగా చిక్కుకుపోయిన క్రైస్తవ మిషనరీల కథ. వాళ్ళు వచ్చిన పని మతం మార్చడం. దానితో నాకు ఏకీభావం లేదు, ఆ మాట దాచను. అయితే ఎదురుచూపు అనేది మతం చూసి రాదు. పైగా వీళ్ళ కథలో ఉన్న ఒక మెలిక మన ప్రశ్నకి బాగా పనికొస్తుంది. అందుకే ముందు వాళ్ళ కథ.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ అనే ఇద్దరు విశాఖపట్నం చేరారు. తెలుగు నేల మీద ఆ సంస్థ పని అలా మొదలైంది. వాళ్ళు కూడా తిన్నగా రాలేదు. ఆ రోజుల్లో ఈస్ట్ ఇండియా కంపెనీ తన ఓడల్లో మిషనరీలని ఎక్కించుకునేది కాదు. వ్యాపారానికి ఇబ్బంది, జనం తిరగబడతారని భయం. అందుకని వీళ్ళు డెన్మార్క్ వెళ్ళి, డేనిష్ వాళ్ళ చేతిలో ఉన్న తరంగంబాడికి 1804 చివర్లో వచ్చి, అక్కణ్ణుంచి మద్రాసు మీదుగా విశాఖ వచ్చారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే డైరెక్ట్ వీసా లేక థర్డ్ కంట్రీ స్టాంపింగ్ లాంటిది.

వీళ్ళకి తోడుగా ఇంకో ఇద్దరు రావాలి. జాన్ గోర్డన్, విలియం లీ. ఇద్దరూ భార్యలతో బయల్దేరారు. ఈలోపు 1806 జులైలో వెల్లూరులో సిపాయిల తిరుగుబాటు జరిగింది. నుదుటి బొట్టు పెట్టుకోకూడదు, గడ్డం తీసేయాలి, కొత్త రకం టోపీ పెట్టుకోవాలి అన్న ఆర్డర్లు దానికి ఒక ముఖ్య కారణం. మమ్మల్ని కిరస్తానీలుగా మార్చేస్తారన్న అనుమానం సిపాయిల్లో బలంగా ఉంది. దాంతో కంపెనీ మిషనరీల విషయంలో ఇంకా బిగుసుకుపోయింది.

ఇంగ్లండ్ నుంచి దారి లేదు కాబట్టి, 1807 జనవరి చివర్లో ఈ రెండు జంటలూ అమెరికా వైపు ఓడెక్కారు. న్యూయార్క్ వెళ్ళి, అక్కడ అమెరికా ఓడ పట్టుకుని ఇండియా రావాలని ప్లాన్. అదే ఓడలో రాబర్ట్ మారిసన్ అనే ఇంకో యువకుడు ఉన్నాడు, చైనాకి వెళ్ళాల్సినవాడు. మారిసన్‌కి మే నెలలో ఓడ దొరికింది, సెప్టెంబరుకల్లా చైనా తీరం చేరిపోయాడు. గోర్డన్, లీ కుటుంబాలు అమెరికాలోనే ఉండిపోయాయి. డిసెంబరులో ప్రెసిడెంట్ జెఫర్సన్ ఎంబార్గో చట్టం మీద సంతకం పెట్టాడు. ఇంగ్లండ్, ఫ్రాన్స్ యుద్ధంలో అమెరికా ఓడలు నలిగిపోతున్నాయని, అసలు అమెరికా ఓడలే విదేశాలకి వెళ్ళకూడదని ఆ చట్టం. 1809 మార్చిదాకా అది నడిచింది.

ఒక్కసారి వాళ్ళ పరిస్థితి ఊహించుకోండి. మీతో పాటు బయల్దేరినవాడు చేరిపోయాడు. మీరు మీ దేశంలోనూ లేరు, వెళ్ళాల్సిన దేశంలోనూ లేరు. ఆపింది మీ అర్హత కాదు, ఎవరో ఇద్దరు రాజుల యుద్ధం. ఒకే బ్యాచ్‌లో అప్లై చేసిన కొలీగ్‌కి లాటరీ తగిలి, మీకు తగలనప్పుడు ఇలాగే ఉంటుంది.

చివరికి 1809లో వాళ్ళు కలకత్తా చేరారు. బయల్దేరి రెండేళ్ళు దాటిపోయింది. ఈలోగా, అదే ఏడు జనవరిలో, వాళ్ళ కోసం ఎదురుచూస్తున్న ఇద్దరిలో జార్జ్ క్రాన్ మన శ్రీకాకుళంలోనే చనిపోయాడు. 1810 జులైలో డి గ్రాంజ్ కూడా పోయాడు. సాయంగా పంపినవాళ్ళు, దాదాపు వారసులుగా మారాల్సి వచ్చింది.

ఇప్పుడు నేను చెప్పిన మెలిక. ఓడ కోసం ఎదురుచూసిన ఆ కుటుంబాలకి ఈ ఆలస్యం తమ దేవుడు పెట్టిన పరీక్షలా కనిపించి ఉండొచ్చు. అదే ఆలస్యం, తన బొట్టు చెరిపేయమన్నారని మండిపడ్డ వెల్లూరు సిపాయికి తెలిస్తే? నా దేవుడు నన్ను కాపాడాడు అనుకునేవాడు. ఆలస్యం ఒక్కటే. దాన్ని దేవుడి తీర్పుగా చదవడం మొదలుపెడితే, ఎవరు చదివితే వాళ్ళకి నచ్చిన అర్థం వస్తుంది, లేదా వాళ్ళ భయానికి తగ్గ అర్థం వస్తుంది. నిజానికి అక్కడ ఉన్నవి కంపెనీ లెక్కలు, సిపాయిల కోపం, నెపోలియన్ యుద్ధం, జెఫర్సన్ సంతకం. వీటిలో ఏదీ గోర్డన్ గారి భక్తిని కొలవడానికి పెట్టింది కాదు.

మన వీసా క్యూ కూడా అంతే. చిలుకూరు బాలాజీ దగ్గర పదకొండు ప్రదక్షిణలు చేయడం, కోరిక తీరాక నూట ఎనిమిది చేయడం మనందరికీ తెలుసు. చేయండి, తప్పేం లేదు. నడుస్తూ స్వామి పేరు తలుచుకోవడం ఎప్పుడూ మంచిదే. కానీ స్లాట్ రాలేదు కాబట్టి స్వామికి నా మీద కోపం, నేను పదకొండుకి బదులు పది చేశానేమో అనుకునే స్థితికి వెళ్తే, అది భక్తి కాదు. కాన్సులేట్ బ్యాక్‌లాగ్‌ని తీసుకెళ్ళి బాలాజీ ఖాతాలో రాయడం.

ఇక వాల్మీకి దగ్గరకి వద్దాం.

రామాయణాన్ని ప్రయాణం ఆగిపోయిన కథగా చదివితే ఆశ్చర్యంగా ఉంటుంది. సీత సముద్రం అవతల ఉంది. రాముడు ఇవతల. మధ్యలో ఎన్నిసార్లు ఆగాడో చూడండి, ప్రతిసారీ ఆగడానికి కారణం వేరు, రాముడు చేసిన పని కూడా వేరు.

మొదటిది వాన. వాలి పోయాడు, సుగ్రీవుడికి పట్టాభిషేకం అయింది. అప్పుడే శ్రావణం వచ్చింది. వానల్లో సైన్యం కదలదు. రాముడు ఆ మాట ఒప్పుకుని, కార్తీకం రాగానే పని మొదలుపెట్టాలని సుగ్రీవుడికి చెప్తాడు. అంటే ఆగడానికి ఒక గడువు పెట్టాడు. హనుమంతుడు ఊళ్ళోకి రమ్మన్నా వెళ్ళలేదు, పద్నాలుగేళ్ళు ఊరు, నగరం తొక్కనన్న మాట ఇంకా నడుస్తోంది కాబట్టి. ప్రస్రవణ పర్వతం మీద ఒక గుహలో తమ్ముడితో ఉన్నాడు. అసలు పని ఆగిపోయింది, అంతకుముందు ఇచ్చిన మాట మాత్రం ఆగలేదు. నాకు ఇది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. మనం వీసా ఆగితే జిమ్ ఆపేస్తాం, చదువు ఆపేస్తాం, పెళ్ళాంతో సరిగ్గా మాట్లాడటం కూడా ఆపేస్తాం. అన్నీ "అక్కడికి వెళ్ళాక" అనే ఫోల్డర్‌లో పడేస్తాం.

అలాగని రాముడు నవ్వుతూ కూర్చోలేదు. ఆ వానని వర్ణించే సర్గ చదవండి. మబ్బు, మెరుపు, నెమలి, ఏది చూసినా సీత గుర్తొస్తోంది. దుఃఖం పైకి చెప్పుకున్నాడు. అక్కడ లక్ష్మణుడు ఏం చేశాడన్నది ఇంట్లోవాళ్ళందరూ గమనించాలి. "అంతా మన మంచికే అన్నయ్యా" అనలేదు. దుఃఖానికి లొంగితే చేపట్టిన పనులు చెడతాయి, శరత్తు వస్తుంది, అప్పుడు కదులుదాం, అన్నాడు. ఆలస్యం మంచిదని చెప్పకుండానే ధైర్యం చెప్పొచ్చని ఆ తమ్ముడికి తెలుసు.

ఎందుకంటే ఆ ఆలస్యం మంచిది కాదు. అవతల సీతకి రావణుడు పన్నెండు నెలలు గడువు పెట్టాడు. హనుమంతుడు లంక చేరేసరికి పది నెలలు అయిపోయాయి. నేను ఒక్క నెల మాత్రమే బతికి ఉంటానని ఆమె హనుమంతుడితో చెప్పి పంపింది. గుహలో గడిచిన ప్రతి వాన రోజూ అశోకవనంలో ఒక రోజు. వాల్మీకి ఎక్కడా ఈ లెక్కని తీపి మాటతో కప్పలేదు. క్రాన్ చనిపోయాక గోర్డన్ రావడం కూడా అలాంటిదే. ఆలస్యానికి ఖరీదు ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు కడతారు. ఆగిపోయిన అబ్బాయితో "మంచికేలే" అనేముందు, అతని ఎడ్యుకేషన్ లోన్ వాయిదా ఎంతో అడిగితే బాగుంటుంది.

తర్వాత వాన ఆగింది, ఆకాశం తేటపడింది. సుగ్రీవుడు కదల్లేదు. ఇక్కడ ఆలస్యం స్వభావమే మారిపోయింది. నిన్నటిదాకా ఆపింది రుతువు, ఇప్పుడు ఆపింది ఒక మనిషి మతిమరుపు, భోగం. రాముడు దీన్ని కూడా ఓర్చుకోలేదు. లక్ష్మణుణ్ణి గట్టి మాటలతో పంపాడు. మన ఆఫీసు భాషలో ఎస్కలేషన్. కానీ వివరం చూడండి, లక్ష్మణుడు రాకముందే హనుమంతుడు సుగ్రీవుడికి గుర్తుచేశాడు, పదిహేను రోజుల్లో వానరులంతా చేరాలన్న ఆజ్ఞ కూడా వెళ్ళింది. లక్ష్మణుడి కోపాన్ని తార చల్లార్చింది. పని మొదలైంది, స్నేహం తెగలేదు. కన్సల్టెన్సీ వాడు మూడు నెలలుగా మీ కాగితాల మీద కూర్చుంటే, అది విధి కాదు. వెళ్ళి అడగండి. గట్టిగానే అడగండి. రేపు మళ్ళీ అతనితో మాట్లాడగలిగేలా అడగండి.

మూడో చోటు నాకు రామాయణం మొత్తంలో చాలా దగ్గరగా అనిపించేది. దక్షిణానికి వెళ్ళిన అంగదుడి బృందం. నెల రోజుల గడువు. స్వయంప్రభ గుహలో దారి తప్పి, బయటికి వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఎదురుగా సముద్రం. సీత జాడ లేదు. అంగదుడు అన్నది ఇదీ: తిరిగి వెళ్తే సుగ్రీవుడు ప్రాణం తీస్తాడు, దానికంటే ఇక్కడే అన్నం నీళ్ళు మానేసి చనిపోతాను. హనుమంతుడు వాదించాడు, అంగదుడు వినలేదు. అందరూ దర్భలు పరుచుకుని కూర్చున్నారు.

వీసా రిజెక్ట్ అయ్యాక ఊరికి వెళ్ళి ముఖం ఎలా చూపించను అనుకునే కుర్రాడు అంగదుడే. అప్పు చేసి పంపిన నాన్నకి ఏం చెప్పాలి, మూడు లాంతర్ల దగ్గర ఎదురయ్యే మేష్టారికి ఏం చెప్పాలి. ఆ భయం చిన్నది కాదని వాల్మీకికి తెలుసు, అందుకే ఒక యువరాజు నోట, వాలి కొడుకు నోట చెప్పించాడు.

అక్కడికి వచ్చింది సంపాతి. రెక్కలు కాలిపోయిన ముసలి గద్ద. అతను సాయం చేయడానికి రాలేదు. ఇన్ని రోజులకి తిండి తనంతట తాను నడిచొచ్చింది అని సంతోషపడుతూ వచ్చాడు! వాళ్ళ మాటల్లో తమ్ముడు జటాయువు పేరు వినపడింది. కథ మలుపు తిరిగింది. సీత ఎక్కడుందో అతనికి కనిపిస్తోంది. అంగదుడు కోరుకున్న సాయం ఇది కాదు, ఎదురుచూసింది కూడా కాదు. వాళ్ళు తమ దుఃఖాన్ని ఒకరితో ఒకరు పైకి మాట్లాడుకుంటున్నారు కాబట్టే అతనికి ఆ పేరు వినిపించింది. ఎవరైనా ఇప్పుడు అంగదుడిలా దర్భలు పరుచుకునే ఆలోచనలో ఉంటే, నోరు విప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే టెలి మానస్ నంబర్ 14416, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చివరిది సముద్రం ఒడ్డు. విభీషణుడి సలహా మీద రాముడు సముద్రుణ్ణి దారి అడిగాడు. దర్భల మీద, తన చేతినే తలగడ చేసుకుని, మూడు రాత్రులు పడుకున్నాడు. సముద్రుడు రాలేదు. అప్పుడు లేచి విల్లు పట్టాడు. సముద్రుడు వచ్చాక చెప్పిన సమాధానం గమనించండి. నేను ఎండిపోలేను, అది నా స్వభావం కాదు, కానీ మీ సైన్యంలోనే విశ్వకర్మ కొడుకు నలుడు ఉన్నాడు, అతను కట్టగలడు.

అంటే దారి మొదటినుంచీ సొంత శిబిరంలోనే ఉంది. మరి నలుడు ముందే ఎందుకు చెప్పలేదు? అడక్కుండా నా గొప్పలు నేను చెప్పుకోను అన్నాడు. నాకైతే ఇది చదివినప్పుడల్లా నవ్వొస్తుంది, ప్రతి టీమ్‌లో ఇలాంటి మనిషి ఒకడు ఉంటాడు. తర్వాత పని చూడండి. మొదటి రోజు 14 యోజనాలు, రెండో రోజు 20, తర్వాత 21, 22, 23. ఐదు రోజుల్లో 100. రోజురోజుకీ వేగం పెరిగింది.

మూడు రాత్రుల ఎదురుచూపు వృథా అని నేను అనను. అడగాల్సినవాణ్ణి ముందు మర్యాదగా అడగాలి. అయితే మూడు రాత్రులే, మూడేళ్ళు కాదు.

మళ్ళీ మన తీరానికి వస్తే, గోర్డన్ విశాఖలోనే స్థిరపడి పనిచేశాడు, లీ తర్వాత గంజాం వెళ్ళాడు. క్రాన్, డి గ్రాంజ్ ఒక బ్రాహ్మణ సహాయకుడితో కలిసి మొదలుపెట్టిన తెలుగు అనువాదంలో మూడు సువార్తలు 1812లో శ్రీరామపూర్‌లో అచ్చయ్యాయి. మొత్తం కొత్త నిబంధన తెలుగులో 1818లో మద్రాసులో వచ్చింది. అది చేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ అసలు వెళ్ళింది రంగూన్‌కి. అక్కడ పని సాగక విశాఖ వచ్చాడు. కంపెనీ తలుపు కూడా ఎప్పటికీ మూసుకుని లేదు, 1813 చార్టర్ చట్టంతో మిషనరీలకి అధికారికంగా దారి తెరుచుకుంది. ఇంకో అరవై ఏళ్ళకి ఇదే కథ మళ్ళీ జరిగింది. 1873లో కెనడా నుంచి కొందరు బాప్టిస్టులు, దంపతులతో సహా, సయాంలో కరెన్ జనం మధ్య పనిచేయాలని బయల్దేరారు. అక్కడ అనుకున్నంత మంది కరెన్లు కనపడక, 1875లో తెలుగు తీరానికి మళ్ళారు. అలా బొబ్బిలి, భీమిలి, శ్రీకాకుళం వాళ్ళ చిరునామాలు అయ్యాయి. వాళ్ళ ప్లాన్‌లో మన ఊళ్ళ పేర్లే లేవు.

వీసా కోసం ఆగి ఉన్నవాళ్ళు ఈ వారం చేయాల్సిన పని ఒకటుంది. కాగితం తీసుకుని, మీ ప్రయాణాన్ని ఇప్పుడు ఆపుతున్నది ఏంటో ఒక్క లైన్‌లో రాయండి. వానా, సుగ్రీవుడా, సముద్రమా? వాన అయితే మీ కార్తీకం ఏ తేదీయో పక్కన రాయండి. సుగ్రీవుడైతే ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. సముద్రమైతే, మీ ఇంట్లో, మీ ఫ్రెండ్స్‌లో ఇంతవరకూ అడగని నలుడు ఎవరో ఆలోచించండి. "నా పాపం", "నా జాతకం" అని రాయొద్దు, ఈ ఎక్సర్‌సైజ్‌లో ఆ ఆప్షన్ లేదు.

చదవాల్సినవి: కిష్కింధా కాండ 27 నుంచి 30 సర్గలు, తర్వాత అంగదుడి కోసం 53 నుంచి 56. యుద్ధ కాండలో 21, 22. సంస్కృతం రాకపోయినా పర్లేదు, తాత్పర్యంతో ఉన్న ఏ తెలుగు పుస్తకమైనా చాలు. విజయనగరంలో ఉన్నవాళ్ళు వీలైతే ఆ పుస్తకం పట్టుకుని రామతీర్థం వెళ్ళండి, కొండ కింద చెరువు దగ్గర కూర్చుని చదువుకోవచ్చు. వచ్చే వారం వీడియోలో సంపాతి కథ పూర్తిగా చెప్పుకుందాం, అతని రెక్కలు ఎలా కాలాయో, మళ్ళీ ఎప్పుడు మొలిచాయో.